తలుపుకి వదిలిన తాళంచెవి

ఆ చలికాలం కరోనా అని మా కాంపౌండు గేటుకి నీలం రేకులు కొట్టేసిన రోజు మా ఆయన మొట్టమొదట అడిగిన మాట, "ప్రపంచ కప్పు మొదలయ్యేలోగా తీసేస్తారంటావా?" అని. ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకి సరిపోతాయో అడగలేదు. జూన్‌లో పెద్ద పరీక్ష రాయాల్సిన పిల్ల చదువు ఏమవుతుందో అడగలేదు. చేపల మార్కెట్లో నా అంగడి ముందు ఆల్చిప్పలు కుళ్ళిపోతున్నాయని నేను తల పట్టుకుని కూర్చుంటే, ఆయన టీవీ వెనక దూరి తీగలు బిగించుకుంటున్నాడు. చైనాలో ఫుట్‌బాల్ పిచ్చికి పేరుపడ్డ మా దాలియన్ ఊరి మగవాణ్ణి కట్టుకున్నదానికి ఇదేం కొత్త కాదు. ఊరి జట్టు మునిగి, తేలి, మళ్ళీ మునిగినా మా ఆయన సుయ్ డెషాన్‌కి చింత చచ్చినా పులుపు చావలేదు. పుట్టిన ఆడపిల్లకి కూడా జట్టు చొక్కా రంగే పేరు పెట్టాడు, లాన్ అని. లాన్ అంటే నీలం.

మా ఇంట్లో కుక్కలు రెండు. పెద్దది దౌబావ్, గోధుమరంగు ఆడది. లాన్ ఒకటో తరగతిలో ఉండగా వచ్చింది, ఆ చలికాలానికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది షౌమెన్, నల్లటి మగది, దూడంత ఉంటుంది. జట్టు ఓడిపోయిన ఒక సాయంత్రం మా ఆయన స్టేడియం బయట దొరికిందని కోటు లోపల దాచుకుని తెచ్చాడు. షౌమెన్ అంటే గోల్‌కీపరు. "మనకి లేనిది అదేగా," అన్నాడు. ఆ కుక్క ఒక్క బంతి ఆపిన పాపాన పోలేదు. గుమ్మంలో ఒక్క చెప్పు కూడా మిగల్చలేదు. పైకి తిట్టేదాన్నే గానీ, మార్కెట్ నుంచి రాగానే ఆ రెండూ నా చేతుల చేపవాసన నాకితే తప్ప నాకు ఇల్లు చేరినట్టుండేది కాదు.

గేటు మూశాక బడి మా భోజనాల బల్ల మీదికి వచ్చేసింది. పొద్దున్నే లాన్ కంప్యూటరు తెరిచేది. నలభై పైచిలుకు చిన్న చిన్న గళ్ళు, గడికొక నిద్రమొహం. లెక్కల మాస్టారు గోంగ్ సార్ వాళ్ళ క్లాస్ టీచరు కూడా. సన్నగా, పొడుగ్గా, నవ్వు మొహం ఎరగని మనిషి. అందరూ కెమెరా వేసుకునే కూర్చోవాలి. తల్లిదండ్రులు కూడా కావాలంటే మైకు కట్టేసుకుని క్లాసులోకి రావచ్చని ఆయనే పెట్టాడు. "పిల్లల వెనక నిలబడే ఓపిక లేనివాళ్ళు ఇలాగైనా ఓ కన్నేసి ఉంచండి," అని.

ఒకరోజు షౌమెన్ వెళ్ళి లాన్ ఒళ్ళో తల పెట్టింది. ఆ తల కాస్తా క్లాసు మొత్తానికి కనిపించింది.

"సుయ్ లాన్, ఆ నల్లతల ఎవరిది?" అన్నాడు గోంగ్ సార్.

"మా కుక్క, సార్."

"ఫీజు కట్టిందా?"

పిల్లలు నవ్వారు. "నవ్వడానికి అడగలేదు," అన్నాడాయన. "ఈ ఏడు మీకు కుక్కలూ లేవు, బంతులూ లేవు. జూన్ ఒక్కటే ఉంది. ఆ తలని అవతలికి పంపు."

వంటింట్లో క్యాబేజీ తరుగుతున్న మా ఆయన చెవిలో ఆ బంతి మాట పడింది. "ఈ మనిషి ఒంట్లో రక్తం ఉందా, సుద్దముక్క కలిపిన నీళ్ళున్నాయా?" అన్నాడు. నేను నోరుమూసుకోమన్నాను. ఆ రోజు నుంచి లాన్ కుక్కలకి పాఠం మొదలెట్టింది. వేలు పైకెత్తితే నోరెత్తకూడదు. వారం తిరక్కుండానే రెండూ నేర్చుకున్నాయి. తలుపు ఎవరు కొట్టినా, మెట్ల మీద ఎవరు పరిగెత్తినా, ఆ పిల్ల వేలు లేస్తే చాలు, బొమ్మల్లా ఉండిపోయేవి. క్లాసుకి మంచిదే. కానీ రెండు కుక్కలున్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకెందుకో ఒళ్ళు జలదరించేది.

ఇక రోజూ మధ్యాహ్నం కింద పెరట్లో గొంతులో పుల్ల పెట్టించుకునే వరస. పదిమంది పుల్లలు ఒకే సీసాలో వేస్తారు. అందులో ఒక్కడికి జబ్బున్నా పదిమంది బతుకూ ఆ సీసాతో పాటే పోతుంది. అందుకని జనం తెలివి మీరిపోయారు. పిల్లకి సంబంధం చూసినట్టు, ఎవరి ముందు నిలబడాలి, ఎవరి వెనక నిలబడాలి అని ముందే చూసుకునేవాళ్ళు. మా మెట్ల మీది ఇళ్ళన్నిటికీ పెద్దగా పెట్టిన మనిషి టెంగ్ అక్క, నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ట్రాములో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ మనుషుల్ని చూస్తే తలలు లెక్కపెడుతుంది. గడప దాటనివాళ్ళని, దగ్గనివాళ్ళని ఏరి మాకో పదిమందిని కూర్చింది. ఆ వరస చెదిరితే ఊరుకునేది కాదు. కుక్కలంటే గిట్టదు కూడా. "లాన్ వాళ్ళమ్మా, నీ జంతువుల బొచ్చు మెట్ల మీద ఎగురుతోంది," అని రోజుకోసారి అనకపోతే ఆవిడకి తిన్నది అరగదు.

ఆ రోజుల్లోనే లాన్ ఫోనుకి ఒక వీడియో వచ్చింది. ఎక్కడిదో తెలీదు, నిజమో కాదో తెలీదు. ఒక ఇంటివాళ్ళని క్వారంటైనుకి తీసుకుపోయాక తెల్ల సూట్లవాళ్ళు మందు కొట్టడానికి లోపలికి వెళ్తారు. మూలన ఒక చిన్న కుక్క. వాళ్ళలో ఒకడి చేతిలో కర్ర. అక్కడితో బొమ్మ ఆగిపోతుంది, చప్పుడు మాత్రం ఇంకాసేపు వినిపిస్తుంది. లాన్ అది రెండుసార్లు చూసి ఫోను నా చేతికిచ్చింది.

"అమ్మా, మనల్ని తీసుకుపోతే?" అంది.

"మనల్నెవరు తీసుకుపోతారే? టెంగ్ అక్క పదిమందిలో ఉన్నాం మనం," అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి రెండు కుక్కల్నీ నా మంచం పక్కనే పడుకోబెట్టాను.

కప్పు మొదలైంది. మా ఆయనకి ఊరి జట్టు తర్వాత దేవుడంటే అర్జెంటీనాయే. ఆ జట్టు మొదటి ఆట సాయంత్రం ఆరింటికి. ఏ లెక్కన చూసినా ఓడిపోవడానికి వీల్లేని ఆట. పిల్ల చదువుకుంటోందని గొంతు కట్టేసిన టీవీ ముందు, ఒక పక్క దౌబావ్, ఒక పక్క షౌమెన్, మధ్యలో ఈయన. ఓడిపోయింది. చావుకి వెళ్ళొచ్చినవాడిలా వచ్చి తిండి ముందు కూర్చున్నాడు. "ఇప్పుడు ఎవరితోనన్నా మాట్లాడకపోతే గుండె పగిలిపోతుందే," అన్నాడు. "పెళ్ళాన్ని ఉన్నాగా," అన్నాను. "నీకు ఆఫ్‌సైడ్ అంటే తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. తెలుసుకోవాలని లేదని కూడా చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం వరసలో మా పదిమందిమీ ఎవరి చోట్లో వాళ్ళం నిలబడ్డాం. ముందు టెంగ్ అక్క, వెనక నేను, నా వెనక లాన్, దాని వెనక మా ఆయన. పక్క వరసలో హౌ బాబాయి కనిపించాడు. పక్క మెట్లవాడు, రేవులో క్రేను నడిపి రిటైరైన ముసలాయన. మాస్కు కిందకి లాక్కుని, చేతులు తిప్పుతూ, ఆఫ్‌సైడని అర్జెంటీనావి మూడు గోల్స్ ఎందుకు చెల్లవన్నారో నలుగురికి వివరిస్తున్నాడు. మా ఆయన ఒక కాలు అటు వేశాడు. నేను చూశాను. "ఏమండీ," అన్నాను. "ఒక్క నిమిషం," అన్నాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. నేను పుల్ల పెట్టించుకుని వెనక్కి తిరిగేసరికి, ఈయన ఆ పక్క వరసలోనే, హౌ బాబాయి వెనకే నోరు తెరిచి నిలబడి ఉన్నాడు. ఆయన పుల్ల ఆ సీసాలో పడిపోయింది.

టెంగ్ అక్క చూసింది. "మీ ఆయన పదిమందిని మార్చేశాడే," అంది మెల్లగా. ఎప్పుడూ అరిచే మనిషి అలా మెల్లగా అనడం నాకు నచ్చలేదు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకి ఫోను మోగింది. సీసాలో తేడా వచ్చిందట. ఆ పదిమందీ, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళూ గడప దాటకూడదు. కాసేపటికి తెల్ల సూట్లవాళ్ళిద్దరు వచ్చి, తలుపు తెరిస్తే వాళ్ళకి తెలిసిపోయే బిళ్ళ ఒకటి అంటించి పోయారు. షౌమెన్ లేచి నిలబడింది. లాన్ వేలెత్తింది. అది మొరగలేదు. మా ఆయన గోడకి ఆనుకుని, "నాదే తప్పు," అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. ఆ మొహం చూసి మూసేశాను.

ఆ తర్వాత అసలు కష్టం దౌబావ్‌కి వచ్చింది. షౌమెన్ సిగ్గులేనిది, స్నానాలగదిలో పని కానిచ్చేసింది. ముసల్దానికి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో చుక్క పోసిన అలవాటు లేదు. ఆ రాత్రీ, మర్నాడు పగలంతా బిగపట్టుకుంది. గుమ్మం దగ్గర నిలబడి, కనిపించే ఆ ఒక్క కన్నుతో మా ముగ్గురినీ మార్చి మార్చి చూసేది. వెనక కాళ్ళు వణికేవి. మా ఆయన కిటికీలోంచి పైకి కేకేశాడు. "టెంగ్ అక్కా, ఒక్క రెండు నిమిషాలు, కింద గోడ పక్కకి. చేతుల్లో ఎత్తుకుని తీసుకెళ్తాను."

"వీల్లేదు," అని పైనుంచి గొంతు. "నువ్వు చేసింది చాలు."

చివరికి బాల్కనీ కుండీల్లో నేను పెంచుకున్న ఉల్లికాడలన్నీ పీకేసి, ఆ మట్టి తెచ్చి పాత పరుపు గుడ్డ మీద పరిచాడు. దౌబావ్‌ని ఎత్తి అందులో నిలబెట్టి, తనూ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఇది బయటేనే తల్లీ, ఇది బయటే," అని బతిమాలాడు. చాలాసేపటికి నమ్మింది. ఆ మట్టి తడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

అది ఇంకా పూర్తిగా ఆరకముందే రెండో ఫోను వచ్చింది. జబ్బు హౌ బాబాయిదని తేలింది. ఆయన్ని అప్పటికే తీసుకుపోయారు. మిగతావాళ్ళకి పొద్దున్నే క్వారంటైనుకి బస్సు. ఫోనులో ఉన్నవాడు కుర్రాడు, ఎన్ని ఇళ్ళకి చెప్పిన మాటలో, అప్పగించేస్తున్నాడు. "మనిషికో సంచి. మందులుంటే తెచ్చుకోండి. తాళంచెవి తలుపుకే వదిలి రండి. మందు కొట్టేవాళ్ళు లోపలికి వెళ్ళాలి."

"ఇంట్లో కుక్కలున్నాయి బాబూ," అన్నాను.

అవతల కాయితాలు తిప్పిన చప్పుడైంది. "కుక్కల సంగతి నాకిచ్చిన కాయితంలో లేదు," అన్నాడు. పాపం, వాడి గొంతులో కూడా నిద్ర లేదు.

తెలిసినవాళ్ళందరికీ ఫోను చేశాను. అందరూ అయ్యో అన్నారు. తలుపు తెరుస్తామని ఒక్కరూ అనలేదు. వాళ్ళనీ తప్పు పట్టలేను, వాళ్ళ ఇళ్ళల్లోనూ ముసలివాళ్ళున్నారు. ఫోను పెట్టేసి చూస్తే లాన్ పుస్తకం మూసి నా వంకే చూస్తోంది.

"నేను రాను," అంది.

"రాకపోతే ఏం చేస్తావే?"

"ఇక్కడే ఉంటా. మా క్లాసులో ఇద్దరు వెళ్ళొచ్చారు, కనుక్కున్నా. పెద్దవాళ్ళకైతే కార్డు అడిగి మొహం చూస్తారు. పిల్లల్ని తలలు లెక్కపెడతారంతే."

"పట్టుకుంటే? పరీక్ష రాయనివ్వకపోతే? పన్నెండేళ్ళ చదువే. కుక్కల కోసం బతుకు పాడుచేసుకుంటావా?"

"అమ్మా, నువ్వు కూడా ఆ వీడియో చూశావు," అంది. "సరే, నువ్వే చెప్పు. దౌబావ్‌ని ఏ గదిలో పెట్టి వెళ్దాం?"

మా ఆయన అప్పటికే బియ్యం డబ్బా తెరిచి ఎంతుందో చూస్తున్నాడు. కన్నపిల్లని రెండు కుక్కలతో ఖాళీ ఇంట్లో వదిలి వెళ్ళడమేమిటని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. అయినా చేతులు వాటి పని అవి చేశాయి. పిండి కలిపి రొట్టెలు కాల్చి పెట్టాను. దీపం వెయ్యొద్దని, కిటికీ దగ్గరికి వెళ్ళొద్దని, కుళాయి సన్నగా తిప్పమని చెప్పాను. తాళంచెవి వదలకపోతే అనుమానం వస్తుంది. వదిలితే ఎవరైనా రావచ్చు. వదిలాను.

బస్సు దగ్గర తెల్ల సూటులో, చేతిలో పేర్ల అట్ట పట్టుకుని నిలబడింది టెంగ్ అక్కే. మా ఇద్దరి కార్డులూ చూసింది. మా వెనక మెట్లవైపు చూసింది. ఎవరూ రాలేదు. ఆవిడ కళ్ళద్దాల వెనక కళ్ళు ఒకసారి మా కిటికీ వైపు లేచి దిగాయి. డ్రైవరు, "ఎంతమంది?" అని అరిచాడు.

"రెండో అంతస్తు, సుయ్ కుటుంబం," అంది టెంగ్ అక్క, ట్రాములో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతుతో. "ముగ్గురూ ఎక్కారు."

అట్ట మీద గీత గీసి పక్కవాళ్ళని పిలిచింది.

మమ్మల్ని పెట్టింది ఊరి బయట ఒక రేకుల గదిలో. పిల్ల ఏదని అక్కడ అడిగితే వేరే బస్సులో పంపారని చెప్పాం. ఏ బస్సో వెతికే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పొద్దున్నే నేను ఫోను తెరిచి, 'సుయ్ లాన్ తల్లి' అని పేరు కొట్టి, మైకు కట్టేసి, గోంగ్ సార్ క్లాసులో కూర్చునేదాన్ని. ఫోను చేస్తే మాటలు పక్కింటికి వినిపిస్తాయని లాన్ చెయ్యొద్దంది. కాబట్టి ఆ గడే నాకు దిక్కు. నలభై గళ్ళల్లో లాన్ గడి వెతుక్కుని, పిల్ల మొహం కడుక్కుందా, తిన్నట్టుందా, ఒళ్ళు కాలుతోందా అని చూసేదాన్ని. గడి మూలన నల్లటి చెవి కొస ఒకటి కదిలేది. దౌబావ్ కనిపించదు గానీ, లాన్ ఒక చెయ్యి ఎప్పుడూ కిందికే ఉండేది, దాన్ని నిమురుతూ. మా ఆయన నా భుజం మీంచి తొంగి చూసేవాడు. ఆయనకి బంతి తప్ప గుండ్రటిది ఇంకోటి తెలీదు. అలాంటిది దీర్ఘవృత్తం పాఠం నోరు తెరుచుకుని వినేవాడు. కప్పు నడుస్తోందన్న సంగతి మేమిద్దరం మర్చిపోయాం.

లాన్ కుర్చీ వెనక మా వీధి గది తలుపు కనిపించేది. క్లాసు జరుగుతున్నంతసేపూ నేను ఆ తలుపునే చూసేదాన్ని. టెంగ్ అక్క సాయంత్రాలు తాడు కట్టి బుట్టలో వేడి సూపు దించుతోందని లాన్ ఒకసారి కాయితం మీద రాసి కెమెరా ముందు చటుక్కున చూపించింది. మందు కొట్టేవాళ్ళు వస్తే ఆ ఇల్లయిపోయిందని ఆవిడ పంపేస్తోందని కూడా రాసింది. కానీ మధ్యాహ్నం వరసకి ఆవిడ కిందికి దిగక తప్పదు కదా.

ఆ రోజు మధ్యాహ్నం గోంగ్ సార్ గోడకి తగిలించిన పలక మీద గుండ్రం గీసి, రెండు చుక్కలు పెట్టి, మాకు వీపు తిప్పి రాస్తున్నాడు. లాన్ గడిలో తలుపు గొళ్ళెం కదిలింది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు. ఒకడి వీపున మందు డబ్బా. రెండోవాడి చేతిలో పొడుగు కర్ర, కొసకి ఉరితాడు. మా ఆయన గొంతులోంచి చప్పుడేదో వచ్చింది. అరిచినా వినపడదు, మైకు తీస్తే ఏమవుతుందో తెలీదు. లాన్ వెనక్కి తిరగలేదు. తన గడిలో తనే చూసుకుంటోంది, వెనక ఎవరొచ్చారో. మెల్లగా వేలు పైకెత్తింది. నల్ల చెవి లేచి నిలబడింది. మొరగలేదు.

ఎవరో పిల్లాడు మైకు తీసి, "సార్," అన్నాడు.

గోంగ్ సార్ తిరిగాడు. ఒక్క క్షణం ఏం అర్థం కానట్టు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"లోపలికొచ్చింది ఎవరు?" అన్నాడు. మా వీధి గదిలో ఆయన గొంతు మోగడం, అది మళ్ళీ నా ఫోనులోకి రావడం వినిపించింది.

వాళ్ళిద్దరూ ఉలిక్కిపడి కంప్యూటరు వంక చూశారు. "ఇల్లు ఖాళీ అని రాసుంది," అన్నాడు కర్రవాడు.

"కళ్ళెదురుగా పిల్ల కూర్చునుంటే రాసింది చదువుతావేం?"

"మాకు చెప్పిన పని మేం చెయ్యాలి కదా సార్."

"నాకు చెప్పిన పని నేను చేస్తున్నా. ఇది క్లాసు. నలభై మంది పిల్లలున్నారు, వాళ్ళ అమ్మానాన్నలున్నారు, అందరూ నిన్నే చూస్తున్నారు. వినాలనుంటే ఆ కర్ర బయట పెట్టి కూర్చో. లేదంటే తలుపేసి వెళ్ళు."

అని ఏదో నొక్కాడు. అందరి మైకులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఏ పిల్లా అరవలేదు. నలభై ఇళ్ళ చప్పుళ్ళు వచ్చాయి, అంతే. ఎక్కడో కెటిల్ కూత, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, ఒక ముసలాయన దగ్గు. ఎవరింట్లోనో ఒక కుక్క మొరిగింది. కర్రవాడు ఆ గళ్ళన్నిటినీ ఒకటొకటిగా చూశాడు. మాస్కు పైన వాడి కళ్ళు కుర్రవాడివే. వెనక్కి అడుగులు వేసుకుంటూ వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

గోంగ్ సార్ పలక వైపు తిరిగి సుద్దముక్క తీసుకున్నాడు. దాన్ని మళ్ళీ కింద పెట్టేశాడు. "ఇవాళ్టికి చాలు," అన్నాడు. ఆయన క్లాసు మధ్యలో ఆపడం ఆ పిల్లలు ఎన్నడూ ఎరగరు. నేను ఆ రేకుల గదిలో నేల మీద కూలబడి ఏడ్చాను. మా ఆయన నా పక్కన కూర్చుని, "రక్తమేనే," అన్నాడు. "ఆ మనిషి ఒంట్లో ఉన్నది రక్తమేనే."

ఆ నాలుగు మాటలూ ఎవరో ఫోనులో పట్టేశారు. సాయంత్రానికల్లా ఊళ్ళో అందరి చేతుల్లోనూ ఉంది. పొద్దునకల్లా ఎవరి చేతుల్లోనూ లేదు, తుడిచేసినట్టు పోయింది. ఆ పొద్దున క్లాసు గడిలో గోంగ్ సార్ లేడు. ఎవరో అమ్మాయి కూర్చునుంది. "ఇక నుంచి లెక్కలు నేను చెబుతాను. కొత్త పాఠం తీయండి," అంది.

లాన్ మైకు తీసింది. "గోంగ్ సార్ ఏరి, మేడమ్?"

ఆ అమ్మాయి తల వంచి పుస్తకంలో పేజీ తిప్పింది. గడిలో నా కూతురి పెదవులు మళ్ళీ కదిలాయి, మాట మాత్రం వినిపించలేదు. దాని మైకు అవతలినుంచే కట్టేశారు.

లాన్ మీదికి ఎవరైనా వచ్చేలోపే, కొద్ది రోజుల్లోనే అంతా ఎవరో కల చెదిరి లేచినట్టు అయిపోయింది. రేకులు పీకేశారు, బిళ్ళలు తీసేశారు, మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. షౌమెన్ నన్ను గుమ్మంలోనే పడదోసింది. దౌబావ్ లేవలేక, పడుకున్న చోటినుంచే తోక నేలకేసి కొట్టింది. టెంగ్ అక్క మెట్ల మీంచి వంగి, "ముగ్గురూ ఉన్నారా?" అంది. ఉన్నామన్నాను. తలాడించి తలుపేసుకుంది. ఆ వారమే ఊరు ఊరంతా జ్వరాలతో మంచం పట్టింది. మేమూ పట్టాం, లేచాం. చివరికి కప్పు అర్జెంటీనాయే గెలిచింది. ఇన్నేళ్ళు దేనికోసం ఎదురుచూశాడో ఆ బంగారు కప్పు టీవీలో పైకి లేస్తుంటే మా ఆయన రిమోటు తీసుకుని కట్టేశాడు. "గోంగ్ సార్ ఇల్లు ఎక్కడో తెలుసా?" అన్నాడు.

వెతుక్కుని వెళ్ళాం. తలుపు కొడితే ఎవరూ తీయలేదు. పక్కింటావిడ సందులోంచి మొహం పెట్టి, "మీరు రావద్దు. వస్తే ఆయనకే మంచిది కాదు," అని మళ్ళీ మూసేసింది.

ఫిబ్రవరిలో బడి తెరిచారు. మొదటి రోజు మేమిద్దరం, కుక్కలు రెండూ, లాన్‌ని దిగబెట్టడానికి వెళ్ళాం. గేటు పక్కన సైకిళ్ళ షెడ్డులో, చేతికి కాపలావాళ్ళ ఎర్ర పట్టీ కట్టుకుని ఒక పొడుగాటి మనిషి అడ్డదిడ్డంగా పడున్న సైకిళ్ళని వరసకి జరుపుతున్నాడు. గోంగ్ సార్. చలికి వేళ్ళు పగిలి ఉన్నాయి. పిల్లలు తల వంచుకుని ఆయన్ని దాటి పోతున్నారు. మాట్లాడొద్దని ఇళ్ళల్లో చెప్పి పంపారు కాబోలు.

మా ఆయన టోపీ తీసి చేత పట్టుకున్నాడు. నేను నడుం వంచి దండం పెట్టాను. గోంగ్ సార్ ఇబ్బందిపడి, షౌమెన్ వంక చూస్తూ, "వెళ్ళండమ్మా," అన్నాడు. తర్వాత లాన్‌ని అడిగాడు. "ఆ రోజు పాఠం సగంలో ఆపేశాను. మిగతా సగం ఎవరైనా చెప్పారా?"

"లేదు, సార్. వదిలేసి ముందుకి పోయారు."

"అది పరీక్షలో వస్తుంది," అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయి, గేటు గది కిటికీ వైపు చూశాడు. లోపల ఎవరో కుర్చీలోంచి లేచి మా వైపే చూస్తున్నారు. "లోపలికి పోమ్మా. బెల్లు కొట్టేస్తారు."

పద పద అని దాని వీపు మీద చెయ్యి వేశాను. ఆ పిల్ల కదల్లేదు. బెల్లు కొట్టారు. మిగతా పిల్లలంతా లోపలికి పోయారు. లాన్ భుజం మీంచి సంచి దించి, సైకిలు సీటు మీద పుస్తకం తెరిచి పెట్టి, పెన్ను మూత తీసింది.

"చెప్పండి, సార్," అంది.